అడిగిన గిన్నె మాత్రమే ఇవ్వవలెను

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నీ వయసెంత అని ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తారు గానీ, మాదాపూర్‌లో ఏడేళ్లంటే మాటలు కాదు. నేనున్న హాస్టల్ స్థానంలో ఇప్పుడు అద్దాల మేడ ఉంది, నేను ఇడ్లీ తిన్న బండి ఉన్నచోట పేరుకు నోరు కూడా తిరగని కాఫీలమ్ముతున్నారు. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు, మొదటి ఉద్యోగం. మెడలో కంపెనీ ట్యాగు స్నానానికి తప్ప తీసేదాన్ని కాదు. ఆరు నెలల ప్రొబేషన్ గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేదంటే కాకినాడ తిరిగి వెళ్లి బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలి. ఇది మా నాన్నగారి షరతు. (ఆయన అప్పటికే కోచింగ్ పుస్తకాలు కొని, అట్టలు కూడా వేసి ఉంచారు.)

మా కంపెనీ ప్రభుత్వానికి పెంపుడు కుక్కల నమోదు వ్యవస్థ తయారుచేస్తుండేది. కుక్కకొక నంబరు, దాని కింద యజమాని పేరు, చిరునామా, ఫోను, టీకాలు వేసేవాళ్ల సౌకర్యం కోసం ఇంట్లో ఎవరెవరు ఏ వేళల్లో ఉంటారో కూడా. తెర పైన ఎర్ర అక్షరాల్లో 'అతి సున్నితమైన సమాచారం' అని ఉండేది. కుక్కల దగ్గర అంత సున్నితమేముందని నేను మొదట్లో నవ్వుకున్నాను. ఒకరోజు మా టీమ్ లీడర్ నా సీటు దగ్గరికొచ్చి, "పోలీసులు అడిగితే ఈ సమాచారం ఎలా ఇవ్వాలో రూల్స్ కావాలంట, తెలుగులో. టీమ్‌లో తెలుగు మీడియం నువ్వొక్కదానివే. రేపటికి డన్?" అన్నాడు. ఎవరేం అడిగినా ఆయన డన్ అనేవాడు కాబట్టి మేమంతా చాటుగా 'డన్ అన్న' అని పిలిచేవాళ్లం. రూల్స్ రాయడం నాకెక్కడ వచ్చు? నాకు తెలిసిన చట్టసభ ఒక్కటే, మా అమ్మ. ఫోన్ చేశాను.

"కుక్కలున్న ఇళ్ల లిస్టంటే కుక్కల్లేని ఇళ్ల లిస్టు కూడానేగా, పిచ్చి మొహమా!" అంది అమ్మ. "పైగా ఇంట్లో ఎప్పుడుంటారో కూడా రాయించుకున్నారా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది మీ తెలివి. రాసుకో. మనింటికి ఎవరైనా గిన్నె కోసం వస్తే నేనేం చేస్తాను? ఎవరికి కావాలో, దేనికో అడుగుతాను. ఏ గిన్నో చెప్పమంటాను. అడిగిన గిన్నె మాత్రమే ఇస్తాను. అంతేగానీ, వంటింట్లోకి వచ్చి మీకు నచ్చింది ఏరుకోండి వదినగారూ అంటానా? మనమే వెతికి, గుమ్మం దగ్గరికి తెచ్చివ్వాలి." భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని టకటకా టైపు చేశాను. తర్వాత కూర్చుని వంటిల్లు ఉన్నచోటల్లా డేటాబేస్ అనీ, వదినగారు ఉన్నచోటల్లా పోలీసు వారు అనీ, గిన్నె ఉన్నచోటల్లా రికార్డు అనీ మార్చాను. రెండో నిబంధనలో మాత్రం ఒక గిన్నె నా కంట పడకుండా మిగిలిపోయింది. డన్ అన్నకు తెలుగు చదవడం రాదు కాబట్టి డన్ అన్నాడు. పై అధికారులు చదివే తీరిక లేక సంతకం పెట్టారు. ముద్ర కూడా పడింది.

నెల తిరక్కుండానే ఒక హెడ్ కానిస్టేబుల్ గారు మా అంతస్తుకు వచ్చారు. పెద్ద మీసం, చంకలో టోపీ. వ్యవస్థ ఇంకా ట్రయల్‌లోనే ఉండటంతో పోలీసులెవరొచ్చినా నా సీటుకే పంపేవాళ్లు.

"బిడ్డా, కోకాపేటల లాబ్రడార్ కుక్కలున్న ఇండ్లన్నీ ఒక లిస్ట్ తియ్యి. ఒక పెద్దమనిషి కుక్క పోయింది. ఎవలో ఎత్కపోయి ఇంట్ల దాసిన్రంటున్నడు. పొద్దుగాల్నుంచి మా సార్‌కు ఒకటే ఫోన్లు, నేను పరేషాన్ అయితున్న. ఇంటింటికి పోయి సూస్తం."

"లెటర్ కావాలండి," అన్నాను. నా రూల్స్ కాగితం ముందుకు జరుపుకున్నాను. "ఏ కేసో, ఏ కుక్కో, దాని నంబరు..."

"లెటరేంది? యూనిఫాం ఏస్కొని నీ ముంగట నిలవడ్డ. గింతకన్న పెద్ద లెటరుంటదా?"

డన్ అన్న ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, "లిస్టే కదా సర్, ఐదు నిమిషాల్లో డన్" అనేశాడు. నన్ను పక్కకు పిలిచి, "నీ కన్ఫర్మేషన్ శుక్రవారం తేలుస్తారు. ఇలాంటప్పుడు గొడవెందుకు? ఇచ్చెయ్," అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఇచ్చేద్దామనే కూర్చున్నాను. కోకాపేట, లాబ్రడార్ అని కొట్టాను. జాబితాలో మూడో పేరు ఒకావిడది. ఇంట్లో ఉండే వేళల దగ్గర ఆవిడ 'సాయంత్రం ఏడు దాటాక ఉంటాను, ఒక్కదాన్నే' అని రాసింది. టీకాలవాళ్ల కోసం నమ్మి రాసిన మాట అది. ఈ కాగితం ఎన్ని చేతులు మారుతుందో, ఆ పెద్దమనిషి ఎవరో, ఎలాంటివాడో నాకు తెలియదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతోనో కోపంతోనో చెప్పలేను గానీ, కంప్యూటర్ ఆపేసి, "ఇవ్వనండి. రూల్ ఒప్పుకోదు," అన్నాను.

"ఏదీ, ఆ రూల్ సూపియ్యి," అని హెడ్డు గారు కాగితం లాక్కుని, అంతస్తంతా మారుమోగేలా చదివారు. "పోలీసు వారు కోరినచో... అడిగిన గిన్నె... గిన్నెనా? మీరు కుక్క గిన్నెలిస్తరా బిడ్డా?" అంతస్తంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. నేను మాత్రం భూమి చీలితే బాగుండుననుకున్నాను. (మూడో అంతస్తులో ఉండి భూమి కోసం చూడటమేమిటో!)

పది నిమిషాల్లో కింది అంతస్తు నుంచి పిలుపు. ట్రయల్ కోసం ప్రభుత్వం తెరిచిన కుక్కల నమోదు కౌంటరూ, ఆ శాఖ అధికారిణి మేడమ్ గారి గదీ అక్కడే. గదిలో కుక్క పోయిన ఆ పెద్దమనిషి తెల్లచొక్కాతో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. హెడ్డు గారు, డన్ అన్న గోడ వారగా నిలబడ్డారు. "తప్పుల కాగితం మేడం ఇది, చెల్లది. లిస్ట్ ఇప్పియ్యండి," అంటున్నాడు పెద్దమనిషి. మేడమ్ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఏమ్మా, గిన్నె ఏమిటి?" అన్నారు.

పొరపాటని ఒప్పుకుంటే కాగితం చెల్లదు. కాగితం చెల్లకపోతే జాబితా ఆయన చేతికి పోతుంది, దాని వెనకే నా ఉద్యోగమూ పోతుంది. "గిన్నె అంటే మేడమ్," అన్నాను, "ఒక్క కుక్కకు చెందిన ఒక్క రికార్డు. పక్కింటివాళ్లు ఒక గిన్నె అడిగారని వంటిల్లంతా చూపించం కదండీ..." అంటూ మా అమ్మ చెప్పిందంతా, వదినగార్లతో సహా ఏకరువు పెట్టేశాను. మేడమ్ కాగితంలోని ఆ గిన్నెను ఇంకోసారి చదివారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక కళ్లజోడు తీసేశారు. "వంటింట్లోకి రానిచ్చి మా అత్తగారి మూకుడు పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలియదా? ఇది నా సంతకమున్న కాగితం. చెల్లుతుంది. మరి ఈయన కుక్క సంగతి?"

"మనమే వెతికి గుమ్మం దగ్గరికి తెద్దాం మేడమ్. కోకాపేట లాబ్రడార్ల వాళ్లందరికీ మనమే మెసేజ్ పంపుదాం. కుక్క కనిపించినవాళ్లే మన కౌంటరుకు ఫోన్ చేస్తారు. ఎవరి చిరునామా ఎవరికీ తెలియక్కర్లేదు. తప్పిపోయిన కుక్క నంబరు చెప్తే చాలు."

మేడమ్ ఆయన వైపు తిరిగారు. "నంబరు చెప్పండి."

"కుక్కకు నంబరేంది మేడం? నా పేరు చాలదా?" అన్నాడాయన. ఊరందరి కుక్కల జాబితా కావాలని వచ్చిన మనిషి తన కుక్కను నమోదే చేయించలేదు! హెడ్డు గారు తల పైకెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు. పెద్దమనిషి కాలు మీది కాలు మెల్లగా దిగింది.

రంగూ వయసూ రాసి మెసేజ్ పంపాం. అరగంటలో ఫోను మోగింది. నా జాబితాలోని ఆ మూడో పేరావిడే! పొద్దున నడకకు వెళ్తే ఒక కుక్క తన కుక్క వెంట వచ్చేసిందట. మెడలో నంబరు బిళ్ల లేక ఎవరిదో తెలియక, అన్నం పెట్టి, ఆ రోజుకు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో ఉంచుకుందట. "ఎవరూ ఇంటికి రావద్దండి. నేనే మీ కౌంటరుకు తీసుకొస్తాను," అని, తెచ్చి హెడ్డు గారికి అప్పగించి, నాకొక నమస్కారం పెట్టి వెళ్లింది. ఆ నమస్కారం దేనికో ఆవిడకు పూర్తిగా తెలియదు, నాకు తెలుసు. ఆ రోజు మెట్లెక్కి నా సీటుకు వస్తుంటే ఏనుగెక్కినట్టే ఉంది.

మర్నాడు పెద్దమనిషి బుద్ధిగా కుక్కతో వచ్చి కౌంటరు ముందు వరుసలో నిలబడ్డాడు, తోడుగా హెడ్డు గారు. ఫారం నింపుతూ నింపుతూ, ఇంట్లో ఉండే వేళల దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "అమ్మా, ఇవన్ని ఎవలన్న వచ్చి అడిగితే ఇయ్యరు గద?"

నేను నోరు తెరిచేలోపే హెడ్డు గారు అందుకున్నారు. "ఫికర్ చెయ్యకు సార్. మేమడిగినా ఇయ్యరు."

శుక్రవారం నా ఉద్యోగం ఖాయమైంది. డన్ అన్న స్వయంగా వచ్చి "డన్" అన్నాడు. ఆ అట్టలేసిన పుస్తకాలు మా నాన్నగారు ఎదురింటివాళ్లకు ఇచ్చేశారు.

ఇప్పుడు నేనే టీమ్ లీడర్‌ని, కోకాపేటలోనే కాపురం. ఏ యాప్ అంగీకరిస్తారా అన్నా చదవకుండా నొక్కేస్తాను, ఏ దుకాణంలో అడిగినా ఫోన్ నంబరు గడగడా అప్పజెప్పేస్తాను. మొన్న బిల్లు కౌంటరు దగ్గర అమ్మాయి నంబరు అడిగితే, వణుకుతూ 'ఇవ్వనండి' అన్న ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఎందుకో గుర్తొచ్చింది. "దేనికమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి తెల్లబోయి, "ఏమో మేడం, గిప్పటిదాంక ఎవ్వలడగలే," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వెనక వరుస పెద్దదిగా ఉంది, నంబరు చెప్పేసి వచ్చేశాను.