నా రైఫిలుకు నచ్చిన తూటా

నా కుడిచెయ్యి వణుకుతుంది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే కెనడాలో మేముండే ఈ మిల్టన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. పెద్ద జబ్బేమీ కాదన్నాడు నరాల డాక్టరు. కొందరికి వయసుతో పాటు వస్తుందట, ప్రాణానికేమీ కాదట, కాఫీ తగ్గించమన్నాడు. నేను తగ్గించలేదు.

ఎన్నో ఏళ్లు పళ్ల డాక్టరుగా పనిచేసి, వణుకు మొదలైన ఏడాదే క్లినిక్ మానేశాను. నన్నెవరూ మానమనలేదు. నోరు ఇంకొకరిది, అందులో నా డ్రిల్లు వెంట్రుకవాసి జరిగినా బాధపడేది వాళ్లు, అందుకని మానేశాను. కానీ యాభై మీటర్ల దూరంలో తగిలించిన టార్గెట్ కాగితానికి నోరూ లేదు, నొప్పీ లేదు. దాన్నెందుకు మానాలో ఇప్పటికీ నాకెవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

పాయింట్ టూ టూ రైఫిల్ నేను మొదట పట్టుకున్నది కాలేజీలో, ఎన్‌సీసీ క్యాంపులో. తర్వాత పెళ్లి, పిల్ల, ఈ దేశం, ఇక్కడ మళ్లీ మొదటినుంచీ రాయాల్సి వచ్చిన డాక్టరు పరీక్షలు. ఇవన్నీ అయ్యాక, యాభై దాటాక, పక్కనున్న గ్వెల్ఫ్ ఊరి అవతల మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో చేరాను. లైసెన్సు తీసుకుని సొంత రైఫిల్ కొనుక్కున్నాను. గుడి భోజనాల దగ్గర ఒకావిడ, "డాక్టర్ గారూ, మీకీ తుపాకులెందుకండీ, హాయిగా గార్డెనింగ్ చేసుకోక" అంది. ఆ వెంటనే తన టొమాటోలన్నీ ఉడతలే తినేస్తున్నాయని అరగంటసేపు వాపోయింది. నేను పులిహోర తిన్నాను.

మా క్లబ్బు జట్టుకి నలుగురు. ప్రతి సెప్టెంబరులోనూ చుట్టుపక్కల క్లబ్బులతో పోటీ ఉంటుంది. చాప మీద బోర్లా పడుకుని, ఎడమచేతికి పట్టీ బిగించి, రైఫిల్‌ను ఆ చేతిమీదే నిలబెట్టి కాలుస్తాం. కొన్నేళ్లుగా ఆ నలుగురిలో నేనొకదాన్ని. పోయిన వేసవి మొదట్లో ఉన్నట్టుండి నా స్కోరు పడిపోయింది. నల్లచుక్క మధ్యలో గుంపుగా పడాల్సిన గుండ్లు పెళ్లిలో అక్షింతల్లా చెదిరిపడ్డాయి.

జట్టు కెప్టెన్ తెల్లజుట్టు పెద్దమనిషి, రిటైరైన స్కూల్ టీచరు, చాలా మర్యాదస్తుడు. చిక్కంతా మర్యాదస్తులతోనే వస్తుంది. నన్ను పక్కకు పిలిచి, ఈసారి స్కోరు రాసే పనిమీద జట్టుతో రమ్మన్నాడు. నా చోటు కోసం నా వయసులో సగమున్న సభ్యుడొకతను ఎదురుచూస్తున్నాడట. చేతులు వణకడం ఎవరి తప్పూ కాదని కూడా అన్నాడు. తేడా నా చేతిలో లేదు, కొత్తగా తెరిచిన తూటాల పెట్టెలో ఉందని నేనన్నాను. ఆయన నవ్విన నవ్వు నాకు బాగా తెలుసు. పన్ను పీకితే నొప్పి ఉండదని చెబుతూ నేను పేషెంట్ల వంక చూసి నవ్విన నవ్వే అది.

ఆ నవ్వు చూశాకే నాకు పట్టుదల వచ్చింది. ఆగస్టు చివర్లో నేనూ అతనూ ఒకే రోజు కాలుస్తాం, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే జట్టులో ఉంటారు, సరేనా అన్నాను. కెప్టెన్ కాదనలేకపోయాడు.

తిరిగొస్తుంటే కారు మా ఆయన నడిపాడు. ఆయన రిటైరైన ఇంజనీరు. క్లబ్బుకి నాతో వస్తాడు కానీ కాల్చడు. మిల్టన్ దగ్గర పడ్డాక నెమ్మదిగా అన్నాడు:

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు అనుకుంటారేమో. ఒక్కసారి ఆలోచించుకో."

"మద్దెల నిజంగానే ఓడేమో. ఎవరైనా వాయించి చూశారా?" అన్నాను.

నార్త్ యార్క్‌లో ఉండే మా అమ్మాయి ఆ రాత్రి ఫోన్‌లో, "అమ్మా, యూ డోంట్ హావ్ టు ప్రూవ్ ఎనీథింగ్" అంది. ప్రేమతోనే అంది. కానీ నిరూపించుకోవాల్సిన అవసరం లేదని చెప్పేవాళ్లంతా లోపల ఎప్పుడో తీర్పు చెప్పేసుకున్నవాళ్లే. నాకు కోపం వచ్చింది. చేస్తాను, అన్నీ ప్రూవ్ చేస్తాను అని ఫోన్ పెట్టేశాను.

తూటాల సంగతి తెలియనివాళ్లకు ఇదంతా సాకులా అనిపిస్తుంది. పాయింట్ టూ టూ తూటాకి నిప్పంటుకునే మందు దాని అడుగు అంచులో ఉంటుంది, రైఫిల్ సూది ఆ అంచును కొడితేనే పేలుతుంది. పెద్ద తుపాకుల ఖాళీ తూటా గుల్లల్లాగా దీన్ని ఇంట్లో మళ్లీ నింపుకోవడం కుదరదు. కంపెనీవాడు ఎలా నింపి పంపితే అదే మన ప్రాప్తం. పైగా పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నట్టు ప్రతి రైఫిల్ గొట్టానికీ, అంటే బ్యారెల్‌కూ, ఒక రుచి. పక్కవాడి రైఫిల్‌లో సూదికి దారం ఎక్కించినట్టు పోయే తూటా నా దాంట్లో తప్పతాగినట్టు పోవచ్చు. ఒకే కంపెనీ, ఒకే డబ్బా అయినా ఒక విడతలో చేసినదానికీ ఇంకో విడతలో చేసినదానికీ తేడా ఉంటుంది. ఒకే మిల్లు సోనా మసూరి అని కొంటాం, ఒక బస్తా పొడిపొడిగా ఉడుకుతుంది, ఇంకోటి ముద్దవుతుంది. అప్పుడు వండినవాళ్ల చేతిని ఎవరూ తప్పుపట్టరు కదా.

కాబట్టి ఏ తూటా నా రైఫిలుకు నచ్చుతుందో వెతకాలి. దానికో పద్ధతుంది. పడుకుని కాల్చకూడదు. బల్ల ముందు కూర్చుని, రైఫిల్‌ను ముందూ వెనకా ఇసుక సంచుల మీద ఆనించి, రకానికి కొన్ని చొప్పున కాల్చి, ఏ రకం గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూడాలి. సంచుల మీద ఉన్న రైఫిలుకు నా వణుకుతో పనిలేదు. మా ఆయన మాత్రం, "పోనీ నేను కాల్చనా? అసలు నీ చెయ్యి ప్రసక్తే ఉండదు" అన్నాడు. విచారణ జరుగుతున్నది నా చేతిమీద, ఆయన చేతిని ఎందుకు రానివ్వాలి? వద్దన్నాను. టెలిస్కోపులోంచి చూసి ఏ గుండు ఎక్కడ పడిందో చెప్పే పని మాత్రం ఆయనకిచ్చాను.

అయిదారు రకాలు కొన్నాను. కెప్టెన్ ప్రమాణం చేసి చెప్పే ఖరీదైన నల్ల డబ్బా, నేనెప్పుడూ వాడే నీలం డబ్బా, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆకుపచ్చ డబ్బా, ఇంకా కొన్ని. గాలి లేవకముందే పొద్దున్నే వెళ్లి కూర్చునేవాళ్లం. నేను మడి కట్టుకునే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఆపైన చదివింది పళ్ల డాక్టరు చదువు, ఒక నోట్లో పెట్టిన పరికరం ఉడకబెట్టకుండా ఇంకో నోట్లో పెట్టని వృత్తి. అందుకని ఒక రకం అవగానే బ్యారెల్‌లో శుభ్రంచేసే ద్రావకం పోసి, లోపలినుంచి గుడ్డముక్క తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచి, అప్పుడుగానీ రెండో రకం ముట్టలేదు. ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అంటకూడదు, అప్పుడే న్యాయమైన పోటీ అనుకున్నాను. మా ఆయన కూడా అది శాస్త్రీయంగానే ఉందన్నాడు.

అన్నీ చెదిరిపోయాయి. నల్ల డబ్బా, నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా, ఒకటని కాదు. ఇంకో పొద్దున వెళ్లి మళ్లీ అదే చేశాం, మళ్లీ అంతే. ఇసుక సంచుల మీద కూడా చెదిరితే నా వాదనకు నిలబడే చోటే లేదు. మా ఆయన టెలిస్కోపు పక్కన పెట్టి, "ఇంక చాలేమోనే" అన్నాడు. జాలిగా అన్నాడు. ఆ జాలి నాకు ఒళ్లు మండించింది.

ఆ క్షణంలో బల్ల మీద ఆకుపచ్చ డబ్బా తెరిచి ఉంది. తుడవకుండా, లెక్కా పెట్టకుండా, ఆ డబ్బాలో మిగిలినవన్నీ ఒకదాని వెంట ఒకటి ఒకే చుక్క మీద కాల్చేశాను. ఎందుకంటే కోపంతోనే. అయిపోయాక లేచి నీళ్లు తాగాను. ఆయన టెలిస్కోపులో చూస్తూ ఉండిపోయాడు. మొదట్లో పడినవి అటూ ఇటూ పడ్డాయట, తర్వాతవన్నీ ఒకే కన్నంలోంచి పోయాయట. కాగితం దగ్గరికి నడిచి వెళ్లి చూస్తే నిజమే. నా చిటికెనవేలి గోరు కప్పేసేంత కన్నం.

మా ఆయన నా మొహం, కాగితం మార్చి మార్చి చూశాడు. రిటైరయ్యాక మా ఇంట్లో దోసెలు పోసేది ఆయనే. ఇనప పెనాన్ని నేను సబ్బుపెట్టి తోముతానని మా ఇద్దరికీ ప్రతి ఆదివారమూ గొడవే.

"నువ్వు పెనం తోమేస్తున్నావే. ప్రతిసారీ మొదటి దోసె చూసి పిండి బాగాలేదంటున్నావు" అన్నాడు.

అదే జరిగింది. ప్రతి రకం గుండుకీ ఒక రకం మైనం పూస్తారు. ఆ మైనం బ్యారెల్ లోపల పల్చగా పట్టుకునేదాకా ఏ గుండూ దారిలో పడదు. నేనేమో అది పట్టుకోబోతున్న ప్రతిసారీ శుభ్రంగా కడిగేశాను. పద్ధతి తెలియని మనిషి చెయ్యని తప్పు ఇది. మడి, స్టెరిలైజేషన్ రెండూ ఒంటబట్టిన నాలాంటిదే చేస్తుంది. అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాం. ఈసారి తుడవడం లేదు. ప్రతి రకమూ ముందు కొన్ని టార్గెట్ వెనకున్న మట్టికట్ట మీదికి వదిలి, బ్యారెల్‌ను ఆ మైనంతో బాగా ఎంగిలి చేశాకే కాగితం మీదికి కాల్చాను. కెప్టెన్ నల్ల డబ్బా ఫరవాలేదనిపించింది, అంతే. నా పాత నీలం డబ్బా కొత్త విడత అప్పుడూ చెదిరింది. నా అనుమానం సాకు కాదని అప్పుడు తేలింది. ఆకుపచ్చది మాత్రం ఎన్నిసార్లు కాల్చినా ఒకే చోటికి వెళ్లింది. గ్వెల్ఫ్‌లో తూటాలమ్మే కొట్టుకి వెళ్లి, డబ్బా మూత మీద అదే విడత నంబరున్నవి ఎన్నుంటే అన్నీ ఏరి తెచ్చుకున్నాను. కొట్టతను ఇవి కాల్చడం ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు కొనుక్కునేవని చెప్పబోయాడు. నా రైఫిల్ కూడా ఇప్పుడే మొదలుపెట్టిందని చెప్పాను.

ఆగస్టు చివరి పోటీ రోజు గాలి కొంచెం ఉంది. నా పక్క చాప మీద నా చోటు కోరుకుంటున్నతను. మంచివాడు, నాకు నమస్కారం పెట్టడం కూడా నేర్చుకున్నాడు. నేను పడుకుని, పట్టీ బిగించి, ఊపిరి సగం వదిలి ఆపాను. అప్పుడు నాకో విషయం తట్టింది. ఇంతవరకూ ప్రతి చెడ్డ గుండుకీ వెనక ఒక అనుమానం ఉండేది, తూటాదేమో అని. ఇప్పుడు లేదు. ఇక పక్కకు పోయినదేదైనా నాదే. భయం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. భయంతోనే కాల్చాను.

కాగితాలు తెచ్చి కెప్టెన్ కళ్లద్దాలు పెట్టుకుని లెక్కేశాడు. ఒక్క పాయింటు తేడాతో చోటు నాకే దక్కింది. ఆ పక్కతను నా భుజం తట్టాడు. కెప్టెన్ సంతోషంగా, అయితే నిజంగానే తప్పు తూటాలదేనన్నమాట, మీ చేతికి ఏమీ కాలేదన్నమాట అన్నాడు. నన్ను అవమానించినందుకు అది ఆయన చెప్పుకున్న క్షమాపణ. చుట్టూ ఉన్నవాళ్లంతా హాయిగా తలలూపారు. నా చెయ్యి వణకడం లేదని ఒప్పేసుకుంటే అందరికీ ఎంత తేలికో.

మా ఆయన కళ్లు చెమర్చాయి. కాగితం రెండు చేతులతో పట్టుకుని, "చూశావా, అంతా ఆ తూటాల మూలానే. నీ చెయ్యి బాగానే ఉంది" అన్నాడు.

నేను ఆ కాగితం తీసుకున్నాను. పట్టుకోగానే అది నా చేతిలో కొద్దిగా కదలడం మొదలుపెట్టింది. దాచుకోలేదు. నల్లచుక్క అంచున, కుడివైపు కిందికి జారిన మూడు కన్నాలు వేలితో చూపించాను.

"ఈ మూడూ వణికిన చెయ్యే కాల్చింది. మిగతావన్నీ కూడా ఆ చెయ్యే కాల్చింది."