పద్నాలుగో వరస

మా షోరూంలో నా కేబిన్‌కి మూడు వైపులా అద్దాలు, నాలుగో వైపు మేనేజరు. అద్దాలు తెరుచుకోవు. ఏసీ కస్టమరొస్తేనే వేస్తారు. తిరువూరులో కారు కొనే ఆలోచన జనానికి మామిడికాయలు అమ్ముడుపోయాకే వస్తుంది కాబట్టి, మిగతా నెలల్లో నేను ఆ పెట్టెలో ఇడ్లీలాగా ఉడుకుతూ, "సార్, మీ బండి సర్వీసింగ్‌కి టైమైందండి" అని ఫోన్లు చేస్తుంటాను. "మా బండి సంగతి నీకెందుకయ్యా" అని వాళ్ళు పెట్టేస్తుంటారు. నా ఉద్యోగం పూర్తి వివరాలు ఇవే.

ఒకరోజు కార్ల కంపెనీ నుంచి మెయిలొచ్చింది. ఏ కంపెనీ ఎన్ని రకాల మనుషుల్ని పనిలో పెట్టుకుంది, వాళ్ళని ఎంత బాగా కలుపుకుపోతోంది అని విదేశాల్లో ఎవరో కొలుస్తారట. మైలేజీ కొలిచినట్టే. ఆ కొలతలో మా కంపెనీ వెనకబడిందట. అందుకని ఫ్యాక్టరీలతో పాటు మాలాంటి డీలర్లు కూడా తమ దగ్గర పనిచేసేవాళ్ళ వివరాలు ఎక్కించాలని ఆర్డరు.

"ఏరా అబ్బాయ్, ఇంగ్లీషులో ఏదో వచ్చింది, చూసి పంపించెయ్" అన్నారు మేనేజరు గారు.

ఫారంలో పద్నాలుగు వరసలు, మనిషికొకటి. పక్కన ఎత్నిసిటీ అని ఒక గడి.

"అంటే ఏంట్రా?"

"జాతి లాంటిదండి."

"అందరం మనుషులమేగా. రాసెయ్."

గడి నొక్కితే వచ్చిన జాబితాలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఇంకా గంపలగూడెం ఆటోలో ఎన్నడూ ఎక్కని కొన్ని రకాలవాళ్ళు ఉన్నారు. పద్నాలుగు మందికీ 'ఆసియా వాళ్ళు' అని కొట్టాను. స్క్రీన్ ఎర్రగా మారింది. అందరూ ఒకే రకమైతే తేడాలు లేవని అర్థమట. మనదేశంలో ఆ మాట అన్నది ఆ కంప్యూటరొక్కటే.

మర్నాడు కంపెనీ వాళ్ళ విజయవాడ ఆఫీసు నుంచి ఫోను. 'అదర్' అని ఒక గడి ఉందట, అందులో మా ప్రాంతంలో ఉండే వర్గాలు రాసుకోవచ్చట. శుక్రవారానికి స్క్రీన్ పచ్చగా మారకపోతే మీటింగులో మా షోరూం పేరు అందరి ముందూ చదువుతారట.

"మన దగ్గర వర్గాలంటే ఇంకేముంటాయిరా" అన్నారు సార్, గొంతు తగ్గించి. కులం అన్న మాటకి మా దగ్గర గొంతు దానంతటదే తగ్గుతుంది. వాల్యూమ్ బటన్ ఎవరి దగ్గరుందో తెలీదు.

ఆయన ఎవర్నీ అడగక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన రోజే అందరి దగ్గరా రాబట్టేశారు. నేరుగా అడగడం మర్యాద కాదు కాబట్టి మా వైపు మూడు ప్రశ్నలుంటాయి. ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు? నన్నూ అడిగారు. ఇంటిపేరు చెప్పాను. విస్సన్నపేట పక్కన మా ఊరు చెప్పాను. మూడో ప్రశ్నకి నోరు తెరిచేసరికి ఆయన ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి, నా వైపు చూసి నవ్వి, "మనవాళ్ళబ్బాయే" అన్నారు. మా ఇంటిపేరు ఆ ఊళ్ళో పొలాలున్న వాళ్ళకీ ఉంది, ఆ పొలాల్లో పనికెళ్ళే మాకూ ఉంది. ఆ ముక్క చెప్పడానికి వీలు చూసుకుందామనుకున్నాను. ఏడాదిన్నర చూసుకున్నాను.

ఈలోపు ఆయన వరసలు కలిపేశారు. షోరూంలో సార్, బయట బాబాయ్. వాళ్ళావిడ పిన్ని. వాళ్ళ బావమరిది మేడమీద గదిలో నా కాపురం. ఆదివారం పిన్ని కోడికూర వడ్డిస్తూ, "తినరా, ఫ్యానేస్తే ఎగిరిపోయేలా ఉన్నావ్" అనేది. ఆ ఇంట్లో నాకిష్టం కానిదంటూ లేదు, అదే ఇబ్బంది. ఒకసారి నాన్న నన్ను చూడ్డానికొస్తే బస్టాండులోనే టీ తాగించి పంపేశాను. "మీ షోరూం చూపించవా" అన్నాడు. "ఇవాళ సెలవు నాన్నా" అన్నాను. మంగళవారం అది.

శుక్రవారం సార్ నా కుర్చీ వెనక నిలబడి ఒక్కొక్కరిదీ చెబుతుంటే పదమూడు వరసలు కొట్టేశాను. వివరాలు నిజమేనని ప్రతి వరస చివరా టిక్కు పెట్టాలి. పదమూడు టిక్కులూ జంకు లేకుండా పెట్టాను.

"నీది తెలిసిందేగా. కొట్టెయ్."

ఇక్కడ నేను గొప్ప ధైర్యం చేశానని రాసుకుంటే బాగుంటుంది. అలాంటిదేం లేదు. అప్పటిదాకా నేను అబద్ధం ఆడలేదు, నోరు మూసుకున్నానంతే. నోటితో ఎన్నాళ్ళయినా నెట్టుకురావచ్చు. వేళ్ళతో కొట్టాలంటే మాత్రం అవి వెళ్ళలేదు. ఉన్నదే కొట్టాను. గదీ, పిన్నీ, కూరా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. కూర కాస్త ఎక్కువ తిరిగింది.

సార్ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"తప్పు పడింది చూడు."

"తప్పు కాదండి."

"ఇంటిపేరు అదేగా?"

"మా ఊళ్ళో రెండువైపులా అదే ఇంటిపేరండి. మీరు మూడో ప్రశ్న అడిగినప్పుడు ఫోనొచ్చింది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు పని తేలికయ్యేది. నా భుజం మీదుగా చెయ్యి చాపి తనే బటన్ నొక్కారు. స్క్రీన్ పచ్చగా మారింది. మిగతా పదమూడూ పొలాలున్న వైపువే కాబట్టి, ఆ పచ్చదనం నా వరస వల్లే వచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"సరే, మీరు భోజనానికి వెళ్ళి రండి" అన్నారు.

ఏరా నుంచి మీరుకి అంత తొందరగా ప్రమోషనొచ్చినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఆ ఆదివారం పిన్నికి ఒంట్లో బాగోలేదన్నారు. పై ఆదివారం కూడా బాగోలేదు. మూడో ఆదివారం ఆవిడ బజార్లో బెండకాయలు విరిచి చూస్తూ కనపడింది, నిక్షేపంలా ఉంది. నన్ను చూసి బెండకాయల్ని ఇంకా శ్రద్ధగా విరిచింది. బావమరిదికి మామిడి ట్రేలు పెట్టుకోవడానికి మేడమీద గది అవసరమైంది. మామిడి సీజను రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. నేను పెట్టె సర్దుకుని, రోజూ మా ఊరి నుంచే బస్సులో వచ్చిపోవడం మొదలుపెట్టాను.

తరవాత విజయవాడ నుంచి ఒకాయన వచ్చి, అందర్నీ కలుపుకుపోయే షోరూం అని రాసిన సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి మాకిచ్చి, ఫొటో తీయించాడు. నన్ను మధ్యలో నిలబెట్టారు. సార్ నా భుజం మీద చెయ్యేశారు. చేతికీ భుజానికీ మధ్య వేలెడు సందుంది. ఫొటోలో తెలియదు, బాగా వచ్చింది.

పోయిన నెల ఇక లాభం లేదనుకుని, మానేస్తున్నానని కాగితం రాసిచ్చాను. సార్ చదివారు, మడిచారు, తిరిగి నా చేతిలోనే పెట్టారు.

"మీరు వెళ్ళిపోతే ఎలాగండీ? మార్చిలో మళ్ళీ ఫారం వస్తుంది. ఇంకొకరు దొరికేదాకా ఉండండి."

"ఇంకొకరంటే, ఫోన్లు చేసేవాళ్ళా సార్, మా వాళ్ళా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు.

"రెండూ అయితే మంచిదేగా" అన్నారు. వెటకారం లేదు. ఆయన ఇబ్బంది ఆయనది.

వేరే ఉద్యోగం చూసుకోకుండా మానేస్తే ఇంట్లో గడవదు, కాబట్టి నా ఇబ్బందీ నాకుంది. కాగితం సొరుగులో పెట్టుకున్నాను. మొన్న తీసి తారీకు మార్చాను.