మేకల బస్సు నడిపిన నక్క

ఫుట్‌బాల్ ఆట ముగియబోతుంటే నబోర్ బస్సు అద్దాలన్నీ బిగించి, రేడియో చెవికి ఆనించుకుని, డ్రైవరు సీట్లో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. గ్వాదలహారా స్టేడియం వెనక పార్కింగ్‌లో మే నెల ఎండ బస్సు పైకప్పుని మాడ్చేస్తోంది. అద్దం దించుకుంటే ప్రాణానికి హాయిగానే ఉండేది. కానీ తన నోట్లోంచి ఎప్పుడేం ఊడిపడుతుందో తనకే నమ్మకం లేదు.

సంగతేమిటంటే, నబోర్ నక్క. ఎరుపూ నలుపూ చొక్కాల జట్టుని అక్కడ నక్కలంటారు, ఎరుపూ తెలుపూ చారల జట్టుని మేకలంటారు, అభిమానులకీ అవే పేర్లు. నబోర్ తాత నక్క, తండ్రి నక్క. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి జట్టు ఓడిపోయి, ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకుని అన్నాలు తినడం వాళ్లకి మామూలే. అలాంటి ఇంట్లో పుట్టినవాడు తొమ్మిదేళ్లుగా ఆరాందాస్ ఊరి మేకల సంఘాన్ని ప్రతి ఆటకీ తన బస్సులో తీసుకెళ్తున్నాడు!

ఎలా ఇరుక్కున్నాడంటారా? బస్సు కొన్న కొత్తలో బేరాల్లేక ఈగలు తోలుకుంటుంటే సంఘం పెద్ద దోన్యా కూకా వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ పెద్దవాళ్లని గౌరవంగా దోన్ అనీ, ఆడవాళ్లనైతే దోన్యా అనీ పిలుస్తారు. తోర్తియా రొట్టెల కొట్టు నడిపే మనిషి, పిలిస్తే నాలుగు వీధులకి వినబడుతుంది.

"నువ్వు మేకవే కదా నాయనా? నక్క తోలే బండెక్కితే ఆట పోతుంది. కిందటివాణ్ణి అందుకే మానిపించాం" అంది.

"మేకనేనమ్మా" అన్నాడు నబోర్.

ఆ ఒక్క ముక్క మెడకి చుట్టుకుంది. మేకలు గెలిచినప్పుడల్లా హారన్ మోగించాడు, వాళ్లతో కలిసి చిందులేశాడు, సొంత జట్టుని తిడుతూ పాటలు కూడా పాడాడు. పదేళ్ల పైచిలుకుగా నక్కలు మేకల మీద గెలిచిన పాపాన పోలేదు కనక దాచుకోవాల్సింది ఏడుపొక్కటే అయింది. ఏడుపు దాచుకోవడం పెద్ద విద్యేం కాదు. సంతోషం దాచుకోవడం ఎంత నరకమో ఆ ఆదివారం మధ్యాహ్నమే తెలిసొచ్చింది.

ఆఖరి నిమిషంలో నక్కల కుర్రాడొకడు బంతిని తలతో పొడిచి వలలోకి నెట్టాడు. రేడియోలో వ్యాఖ్యాత "గో...ల్" అని ఊపిరి అయిపోయేదాకా సాగదీశాడు. నబోర్ తువ్వాలు నోట్లో కుక్కుకుని స్టీరింగుని దబదబా బాదాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఒక్క అరుపు అరవాలి, అంతే. ఇంటికెళ్లి, తలుపులేసుకుని, భార్య చేలా ముందు గొంతు పగిలేలా అరవాలి. చేలాకి ఒక్కదానికే అతని గుట్టు తెలుసు. రెండు గంటల దారి, ఆ మాత్రం ఓర్చుకోలేడా?

జనం వచ్చారు. నిన్నటి అన్నంలా చప్పబడిపోయి, ఒక్కొక్కరే మెట్లెక్కారు. కసాయి కొట్టు రుటీలియో, ఎద్దులాంటి మనిషి, ముక్కు చీదుకుంటూ ముందు సీట్లో కూలబడ్డాడు. చివరగా దోన్యా కూకా సంఘం జెండా పట్టుకుని రెయిలింగు ఊతంతో ఎక్కింది.

"పోనీయ్ నబోర్. మాట్లాడించకు" అంది.

పోనిద్దామంటే దారేదీ? ఎరుపూ నలుపూ చొక్కాలు బస్సుని కమ్మేశాయి. రేకు మీద గుద్దులు, ఈలలు.

"మేకల్లారా! ఈ పూట మా ఇంట్లో మేకమాంసం బిర్యా పులుసు! మాంసం మీరే తెచ్చుకోండ్రా!"

నబోర్‌కి నవ్వాగలేదు. దగ్గు నటించాడు. ఎంత చక్కటి తిట్టు! తను కూడా కిందే ఉండి ఉంటే ఇంకో నాలుగు కలిపేవాడు. ఇంతలో ఒక ముసలాయన అతని కిటికీ దగ్గరికే వచ్చి అద్దం మీద అరచేత్తో చరిచాడు. "ఏరా మేకా! ఆ ఏడ్చేవాళ్లనీ ఆ ముసల్దాన్నీ దింపు, పులుసులోకి నాలుగు కాళ్లు తక్కువయ్యాయి!"

నబోర్ అద్దం దించాడు. ఎందుకు దించాడో దేవుడికే తెలియాలి.

"నోర్ముయ్యరా గాడిద కొడకా! ఒక్కసారి గెలిచేసరికి కళ్లు నెత్తికెక్కాయా? ఇన్నేళ్లూ ఏ కన్నంలో దూరావురా? ఆవిణ్ణి ఇంకొక్క మాట అను చూడు, దిగొచ్చానంటే మూతి పళ్లు రాలతాయి!"

బస్సంతా ఒక్కసారిగా చప్పట్లు. ముసలాయన వెనక్కి తగ్గాడు. నబోర్ అద్దం ఎత్తేశాడు. ఆ తిట్లు నటన కాదు, నిజంగానే ఒళ్లు మండింది. తన తండ్రి ఈడువాణ్ణి, తన జట్టువాణ్ణి, తను ఎదురుచూసిన రోజునే నోటికొచ్చినట్టు తిట్టాడు. ఛీ, ఏం బతుకురా ఇది అనుకున్నాడు.

నగరం దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. ముందు లారీలు, వెనక లారీలు. క్లచ్ తొక్కీ తొక్కీ నబోర్ మోకాలు సలుపుతోంది.

"దోన్ నబోర్" అన్నాడు రుటీలియో వెక్కుతూ, "రేపు కొట్టు తెరవాలంటే భయంగా ఉంది. మా బావమరిది నక్క. పొద్దున్నే వచ్చి కిలో మేకమాంసం కావాలంటాడు వెధవ."

"ఇవ్వు. సగం ఎముకలేసి ఇవ్వు."

రుటీలియో ఏడుస్తూనే నవ్వాడు. వెనక నుంచి ఎవరో మిగిలిన రొట్టె ముక్క అందించారు. నబోర్ నములుతూ నడిపాడు. లోపల దాచుకున్న అరుపుని తలుచుకుందామని చూశాడు. తలపులోకి గోలు రాలేదు. రుటీలియో వెక్కిళ్లు ఇంకా ఆగలేదే అని దిగులేసింది.

ఊళ్లో ఒక్కొక్కరినీ దించేశాక దోన్యా కూకా మిగిలింది. ఇంటి ముందు ఆపినా లేవలేదు.

"నా కాళ్లు ఇంక స్టేడియం మెట్లెక్కవు నాయనా. వచ్చే ఏటి నుంచి రాను. సంఘాన్ని నువ్వు చూసుకో."

"నేనా? రుటీలియో ఉన్నాడుగా."

"వాడో ఏడుపుగొట్టు. ఇవాళ మా కోసం నోరు చేసుకున్నదెవరు? నీ అంత మేక ఈ ఊళ్లో ఇంకోడు లేడు" అంటూ జెండా మడిచి అతని ఒళ్లో పెట్టింది.

ఇంకో అబద్ధం ఆడటానికి నబోర్‌లో ఓపిక లేదు.

"అమ్మా, నేను మేకని కాదు. నక్కని. పుట్టు నక్కని. ఇవాళ గెలిచింది నా జట్టు."

దోన్యా కూకా గుడ్లప్పగించి చూసింది. పోతే పోనీ, బస్సు బేరం పోనీ, ఈ మనుషులూ పోనీ అనుకుని తల దించుకున్నాడు. అంతలో ఆవిడ పకపకా నవ్వడం మొదలెట్టింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! మధ్యాహ్నం నుంచి ఒక్క నవ్వు లేదు, నన్ను నవ్వించడానికి ఇంత మాట అంటావా!"

"నిజమమ్మా, ఒట్టు."

"చాల్లే, చాల్లే! ఇంక నవ్వలేను, డొక్కలు నొప్పెడుతున్నాయి."

కళ్లు తుడుచుకుంటూ అతని చెయ్యి పట్టుకుని దిగింది. గుమ్మందాకా నడిపించి వచ్చాడు.

ఇంట్లో చేలా అప్పటికే కిటికీలన్నీ మూసేసి, గ్లాసుల్లో తెకీలా పోసి ఉంచింది. అతన్ని చూడగానే చప్పట్లు కొట్టింది. తర్వాత చంకలో జెండా కనబడింది.

"ఇదేమిటి?"

"మేకల సంఘానికి పెద్దనయ్యాను."

చేలా నవ్వలేదు. కుర్చీ జరిపి, అతని బూట్లు విప్పి, గ్లాసు చేతిలో పెట్టింది.

"సరేలే, అదంతా రేపు చూసుకుందాం. వీధి తలుపు కూడా వేశాను. ఎంతసేపు బిగబట్టుకున్నావో పాపం. ఊఁ, అరిచెయ్."

నబోర్ గుండెల నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచాడు. ఆవలింత వచ్చింది.