మస్తాన్ గారి చేతి పార్సిలు

మస్తాన్ గారు ఇక లేరన్న సంగతి నాకు గాజువాక రమణ రాసిన ఒక్క వాక్యం వల్ల తెలిసింది. సీతమ్మధారలో నేను వెళ్లే ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, అలవాటు ప్రకారం మన విశాఖ అమ్మకందార్ల గ్రూపు పేజీ తెరిచాను. "మన మస్తాన్ బావ పొద్దున్న పోయాడు. నిద్రలోనే" అని ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంది. కిందటి ఆదివారం టీ ఫ్లాస్కు పట్టుకుని రమణ ఇంటి మెట్లెక్కి వచ్చిన మనిషి. ఎవరో పొరబడి ఉంటారనుకున్నాను. సాయంత్రానికల్లా ఆ వాక్యం కింద సభ్యులందరూ ఆయనకు ఏ విధంగా రుణపడి ఉన్నారో రాశారు. నేనూ మొదలుపెట్టాను. రాసింది చెరిపేశాను. మర్నాడు రమణ ఫోను చేసి, "మీ తెలుగు బాగుంటాది గదండీ, బావ గురించి అందరి తరపున మీరే రాయండి" అన్నాడు. ఆ పనికి ఈ గ్రూపులో అందరికన్నా తక్కువ అర్హత గలవాణ్ని నేనే. ఆ సంగతి చెప్పడానికే ఒప్పుకున్నాను.

కొత్తగా చేరినవారికి ఆయనెవరో తెలియాలి. షేక్ మస్తాన్ గారిది వన్‌టౌన్‌లో ఇత్తడి సామాను దుకాణం. విప్పేసిన ఓడల నుంచి వచ్చిన లాంతర్లు, గంటలు కొని, చింతపండుతో తోమి అమ్మడం తండ్రి నాటి నుంచి వారి వృత్తి. తొంభైల చివరికి గుమ్మంలోకి వచ్చి కొనేవాళ్లు కరువయ్యారు. ఆన్‌లైన్ వేలం సైటు సంగతి విన్నాక ఆయన ఒక్క వేలితో కీబోర్డు మీద కొట్టుకుంటూ ఓ ఓడ లాంతరును దేశం దాటించారు. మనలో అందరికన్నా ముందు అమ్మినవారు ఆయనే. తరువాత వచ్చిన ప్రతివారికీ ఫొటో తీయడం మొదలు పార్సిలు కట్టడం దాకా నేర్పారు. ఆ దుకాణం అరుగే మన గ్రూపుకు తొలి చిరునామా. నెలలో మొదటి ఆదివారం ఉదయం పంపవలసిన సరుకు పట్టుకుని అక్కడ చేరేవాళ్లం. పగిలే వస్తువేదైనా ఆయన చేతే కట్టించేవాళ్లం.

పార్సిలు కట్టడంలో ఆయనకో పద్ధతి ఉండేది. వస్తువు చుట్టూ కొబ్బరిపీచు, ఎండుగడ్డి కూరి, అట్టపెట్టె మూసి, పైన గుడ్డ కుట్టే ముందు, ఆ పెట్టెను గుండెల దాకా ఎత్తి నాపరాళ్ల మీద వదిలేసేవారు. ఎలమంచిలి నుంచి లక్కబొమ్మలు తెచ్చే వరలక్ష్మి మొదటిసారి అది చూసి కేక పెట్టింది.

"ఓలమ్మో! ఏటి సేత్తన్నావన్నా! నా బొమ్మలు సచ్చాయి!"

"సచ్చాయో బతికాయో ఇప్పి సూడు సెల్లీ" అన్నారాయన. "దారిలో పడకుండా ఉంటాదేటి? పడనివ్వనని నాను సెప్పలేను. పడినా బతకాలి, అంతే."

విప్పి చూస్తే ఒక్క ఏనుగు తొండమైనా విరగలేదు.

పని అయ్యాక టీ. అయితే కప్పు అందుకునే ముందు ఆ నెల ఎవరివల్ల తన సరుకు గట్టెక్కిందో ప్రతివారూ పేరు పెట్టి చెప్పాలి. అది ఆయన పెట్టిన ఆచారమే. ఫొటో తీసిపెట్టినవారు, పోస్టాఫీసులో వరుసలో నిలబడినవారు, ఇంగ్లీషు ఉత్తరం చదివిపెట్టినవారు, ఇలా ఏదో ఒక పేరు వినబడేది. నా వంతు వచ్చినప్పుడు "అందరికీ కృతజ్ఞతలు" అని ఊరుకునేవాణ్ని. ఒకసారి ఆయన కప్పు వెనక్కి తీసుకున్నారు.

"అందరికీ అంటే ఎవరికీ కాదు బాబుగారూ. పార్సిలు మీద 'అందరికీ' అని అడ్రసు రాసేత్తే ఎక్కడికెల్తాది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కాసేపాగి కప్పు నా చేతిలో ఆయనే పెట్టారు.

ఆయన మగవాళ్లందరినీ బావా అని పిలిచేవారు. నన్ను మాత్రం బాబుగారు అనేవారు. అది నాకు దక్కవలసిన మర్యాదే అనుకున్నాను. మాది ఒకప్పుడు గుమ్మం దగ్గర బంట్రోతు నిలబడిన ఇల్లు. నా కాలానికి సీతమ్మధారలో రెండు గదుల అద్దె వాటా మిగిలింది. గోడకు ఆనుకొని కూర్చోవడం మా వంశంలో లేదని తాతగారు అనేవారు. ఆ మాట పట్టుకునే నేను అరుగు మీద కూడా నిటారుగా కూర్చునేవాణ్ని. పాత ఇళ్లలో సామాను కొని తెస్తున్నానని మీ అందరికీ చెప్పాను. తిప్పి పంపేవారి కోసం రాసే అడ్రసుగా కూడా మస్తాన్ గారి దుకాణాన్నే రాయించాను. మా వీధి పేరు ఎవరికీ తెలియకూడదని నా ఉద్దేశం. కారణం ఆయన అడగలేదు.

ఒక ఆదివారం గాజు పన్నీరుబుడ్డి ఒకటి తీసుకువెళ్లాను. పుణేలో ఒకాయన కొన్నాడు. మస్తాన్ గారు దాన్ని పీచులో పొదిగి, పెట్టె మూసి, పైకెత్తారు. నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు. ఇది అలా పడేసే ఇంటి వస్తువు కాదు."

"ఇల్లేదైనా లారీ ఒకటే బాబుగారూ" అన్నారు. రమణ పకాలున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. గుడ్డ నేనే కుట్టుకుంటానని పెట్టె తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి మూత తెరిచాను. మా నాయనమ్మ పెళ్లిళ్లలో అతిథుల మీద పన్నీరు చిలకరించిన బుడ్డి పీచులో, గడ్డిలో పడి ఉంది. సహించలేకపోయాను. అదంతా తీసి పారేసి, తాతగారి జరీ ఉత్తరీయంలో చుట్టి, మళ్లీ పెట్టెలో పెట్టి, గుడ్డ కుట్టి పంపాను. మా ఇంటి నుంచి పోయే వస్తువు మర్యాదగా పోవాలనుకున్నాను.

అది ముక్కలై చేరింది. కొన్నాయన సైటులోనే కాక మన గ్రూపు పేజీలోనూ కోపంగా రాశాడు. ఏమైందని మీరంతా అడిగారు. నేను ఒక్క వాక్యం రాశాను: "ఆ పార్సిలు మస్తాన్ గారు కట్టినది." గంటలోపే ఆయన జవాబు వచ్చింది. "నా సేతి పెట్టే. పొరపాటు నాదే. కొన్నాయనకి నాను సెప్పుకుంటాను." ఆయన నా మాట నమ్మారనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

ఆ వాక్యం చదివి కొత్తవాళ్లు పగిలే సరుకు ఆయనకు ఇవ్వడం మానేశారు. వారిని చూసి పాతవాళ్లూ తగ్గించారు. ఎవరూ ఆయనను తప్పుపట్టలేదు. ఏదో వంకతో ఆదివారం సమావేశం గాజువాకలో రమణ ఇంటి మేడమీదికి మారింది. మస్తాన్ గారు ఫ్లాస్కులో టీ పట్టుకుని రెండు బస్సులు మారి అక్కడికీ వచ్చేవారు. "ఒక్క పార్సిలూ లేదేటి బావా? నా సేతులకి సిలుం పట్టేత్తంది, సింతపండెట్టి తోముకోవాలి" అని నవ్వించేవారు. నవ్వినవారిలో నేనూ ఉన్నాను. నా వంతు వచ్చినప్పుడు "అందరికీ" అన్నాను. ఆయన ఈసారి కప్పు వెనక్కి తీసుకోలేదు.

మొన్న పరామర్శకు వెళ్లాను. ఆయన భార్య జైనబ్ బీ గారు లోపలికి వెళ్లి, ఉతికి మడత పెట్టిన బట్ట ఒకటి తెచ్చారు. మా తాతగారి ఉత్తరీయం. అంచున జరీతో నేసిన మా ఇంటిపేరు అలాగే ఉంది.

"మీదేనంట గదా బాబూ. ఆ పగిలిన పార్సిలు కొన్నాయన తిప్పి పంపేసినాడు. అడ్రసు మాదే గదా."

"ఆయన చూశారా?" అని అడిగాను.

"సూడకేటి? ఇప్పిందే ఆయన. ఇచ్చేద్దారంటే ఒద్దన్నారు. 'ఇత్తే ఆ బాబు సిగ్గుపడి మన గుమ్మం తొక్కడు, ఉండనీ' అన్నారు." ఆమె బట్ట నా ఒడిలో పెట్టారు. "ఇప్పుడింక ఆయనే లేరు. తీసుకెల్లండి."

వెనక గోడకు చేరగిలబడ్డానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

ఆ బట్ట పట్టుకుని ఏ ఆదివారమైనా ఆయన వచ్చి ఉంటే చాలు. ఆయన చేతికి వచ్చిన చెడ్డపేరు పోయేది, నా ఇంటిపేరుతో పాటు నా అబద్ధం బయటపడేది. అంతటి ఆయుధం ఇంట్లో పెట్టుకుని ఆయన నాకు టీ పోశారు.

నేను రాసిన వాక్యం మన పేజీలో ఇంకా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ చదువుతారు. ఈ వ్యాసాన్ని సరిగ్గా దాని కిందనే పెట్టమని రమణను కోరాను. చదివినవారు ఇదీ చదవాలి: ఆ పన్నీరుబుడ్డి మా ఇంటిది. నేను అమ్మినవన్నీ మా ఇంటివే. ఆయన కట్టిన కట్టు విప్పి మళ్లీ కట్టినది నేను. మస్తాన్ గారి చేతి పార్సిలు ఒక్కటీ పగలలేదు.

వచ్చే మొదటి ఆదివారం మళ్లీ ఆ అరుగు మీదే కలుద్దామని వరలక్ష్మి అడిగింది. జైనబ్ బీ గారు సరేనన్నారు. టీకి ముందు నా వంతు వస్తుంది. అందరికీ అనను. ఈసారి అడ్రసు సరిగ్గా చెబుతాను. అందుకునే మనిషే లేరు.