మూల గది మీటరు

కడపలో మా ఇన్సూరెన్సు ఆఫీసు ఉన్న కాంప్లెక్సు ఓనరుకు కరెంటు మీద కొత్తగా ప్రేమ పుట్టింది. కరెంటు అద్దెలోనే కలిసి ఉండటంతో జనం ఇష్టమొచ్చినట్టు కాలుస్తున్నారని నిరుడు రూముకో మీటరు పెట్టించాడు. ఈ ఎండాకాలం లోడు ఎక్కువై మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే ఒక రూలు కూడా తెచ్చాడు. ప్రతి సోమవారం వాట్సాప్ గ్రూపులో రీడింగులు పెడతారు, వరసగా రెండు వారాలు అందరికంటే ఎక్కువ వాడేవాళ్ళు రూము ఖాళీ చేయాలి.

మొదటి వారం లిస్టులో పైనున్నది మూల గది. అందులో రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకామె అర్జీలు టైపు చేసేది. భర్త లేడు, ఆ గదే ఆమెకు కూడు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక ఫ్యాను, గోడ మీద చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు.

"ఒక ఫ్యానే కద సార్ ఏసుకుంటాండా. మీరే వచ్చి సూడండి," అంది.

"మీటరు అబద్ధం చెప్తాదా అమ్మా? హీటరు పెట్టి ఏమన్నా వండుకుంటాండావేమో," అన్నాడు ఓనరు. ఏసీ గదుల్లోంచి వచ్చి నిలబడ్డవాళ్ళంతా నవ్వారు.

ఆమె ఫ్యాను ఆపేసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అర్జీలకు వచ్చిన ముసలివాళ్ళు ఆ ఉక్కలో కూర్చోలేక ఎదురు షాపుకు పోయారు. అయినా సోమవారానికి మళ్ళీ మూల గదే పైన.

"ఫ్యాను ఆపినా అంటివే?" అని ఓనరు అల్లుడు వరండాలో అందరి ముందూ అడిగాడు. పక్కనున్న ఫైనాన్సు ఆఫీసు అతనిదే. ఆమె ఏడ్చింది. వాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆ నెలాఖరుకు ఆమె సామాను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి సోమవారం కూడా తాళం వేసిన ఆ గదే పైనుంది. "ఆయమ్మ దయ్యమై తిరుగుతాందేమో," అని అల్లుడు గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టాడు. ఎలక్ట్రీషియను వచ్చి చూస్తే సంగతి తేలింది. పోయిన దసరాకు ఆయుధపూజ చేసి మీటర్ల బోర్డు నిండా పసుపు కుంకుమలు పూశారు. తర్వాత తడిబట్టతో తుడిస్తే రూము నంబర్ల చీటీలు ఊడిపోయాయి, వాచ్‌మన్ వాటిని తోచినట్టు అతికించాడు. ఆమె నెత్తిన పడిందంతా అల్లుడి ఏసీల కరెంటు.

చీటీలు సరిచేశారు. లిస్టులో అల్లుడి రూము పైకి రాగానే రూలు ఊసే లేదు.

ఆమెను గ్రూపులోంచి తీసేయడం అందరూ మరిచిపోయారు. దయ్యం మాటతో సహా అన్నీ చదివి, ఒక్కటే అడిగింది. "సార్, నేను మళ్ళీ రావచ్చునా?"

ఓనరు బదులిచ్చాడు. "ఆ రూము మా అల్లుడు తీసుకున్నాడమ్మా. వాళ్ళకు జాగా సాలలేదు."