పెద్ద వచ్చేదాకా

ఏదో రాష్ట్రంలో ప్రభుత్వం పడిపోయిందనీ, కొత్తవాళ్లు వచ్చేదాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రి పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకూడదనీ టీవీలో చెబుతుంటే, మరి ఆయన ఉండి ఏం లాభమని మనుమరాలు అడిగింది. నాకు మా ఆయన గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి.

కరోనా వచ్చిన ఏడాది, సూరత్ గోడాదరాలోని మా తెలుగు నేతవాళ్ల సంఘం పెద్ద, కూతురి పెళ్లిమాటలకని ఊరికి వెళ్లి, రైళ్లు బందై అక్కడే చిక్కుకుపోయాడు. ఆయన వచ్చేదాకా చూసుకొమ్మని అందరూ కలిసి సంఘం తాళాలు మా ఆయన చేతిలో పెట్టారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి నేతపని లేక ఇంట్లో కూర్చున్న మనిషికి ఏదో ఒక వ్యాపకం దొరికిందని సంబరపడ్డాను గానీ, ఆయన వరస చూస్తే ఒళ్లు మండేది. బియ్యం పంచేవాడు, తగవులన్నీ ఓపికగా వినేవాడు, పెద్ద కూర్చునే కుర్చీలో మాత్రం కూర్చునేవాడు కాదు, పక్కనే చాప పరుచుకునేవాడు. తీర్పు చెప్పమంటే పెద్దను రానీయండి అనేవాడు. ఏం కూర వండమంటావని అడిగినా అదే మాట అంటాడేమోనని నేను ఎగతాళి చేసేదాన్ని.

మాలో ఎవరైనా పోతే, సంఘం తరఫున పెద్ద కొత్త బట్ట కప్పాకే పాడె లేస్తుంది. సొంత ఊరికి ఇంత దూరంలో, పోయినవాడు మావాడేనని నలుగురి ముందు చెప్పే బట్ట అది. ఆ ఎండాకాలం మా గల్లీలో సాంచాలు నడిపే ఒకాయన గుండె ఆగి పోయాడు. పెద్దకు ఫోన్ కలవలేదు. తాత్కాలికంగా ఉన్నవాడికి ఆ హక్కు లేదు, ఈసారికి బట్ట లేకుండానే కానిద్దామన్నారు కొందరు. ఆ మాట విని పోయినాయన భార్య పాడె పట్టుకుని కూర్చుంది.

“మా ఆయన దిక్కులేనోడు కాదు గదనే అన్నా, బట్ట కప్పకుంట ఎట్ల తీస్కపోతరు?” అని మా ఆయన్నే అడిగింది.

ఆయన వెళ్లి, సంఘం తాళం తీసి, బట్ట తెచ్చి కప్పాడు.

“పెద్దతోని నేను మాట్లాడుకుంట. ఎత్తుండ్రి” అన్నాడు.

సాంచాలు మళ్లీ మొదలై, పెద్ద తిరిగొచ్చాక, తాళాలు అప్పజెప్పి, జరిగింది చెప్పి, తప్పయితే దండుగ వేయమన్నాడు. పెద్ద మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మర్నాడు మా ఆయన ఎప్పట్లా పనిలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సంఘానికి ఎన్నికలు, ఫ్లెక్సీలు వచ్చాయి. దిగిపోయినవాళ్ల దగ్గర తాళాలు రాబట్టడమే పెద్ద పనయింది. ఒకరి పదవిని పదిలంగా కాపాడి తిరిగిచ్చే మనుషులు ఎటు పోయారో అనిపిస్తుంది. నిరుడు మా ఆయన పోయిన రోజు, అధ్యక్షుడెవరో తేలక, బట్ట ఎవరు కప్పాలని రెండు వర్గాలు మా వాకిట్లోనే వాదులాడుకున్నాయి. ఆనాడు పాడె పట్టుకుని కూర్చున్న ఆమె వాళ్లనెవరినీ అడగలేదు. తనే ఒక కొత్త బట్ట తెచ్చి ఆయన మీద కప్పి, ఎత్తమంది.