మార్తమ్మకు కలిపిన ఒడిబియ్యం

నిర్మలమ్మ మా పక్కింటామె. ఆలంపూరులో గుడికి పోయే దారి మలుపులో ఆమె ఇల్లు. ముందుగది యాత్రికులకు కిరాయికి ఇచ్చి, అడిగినవాళ్లకు జొన్నరొట్టె, పప్పు చేసి పెడుతుంది. కిరాయి దగ్గర బేరమాడేవాళ్లతో వాదించదు. తాళంచెవి కొంగుకు కట్టుకుని రొట్టెలు కొడుతూ ఉంటుంది. కాసేపటికి వాళ్లే ఒప్పుకుంటారు. భర్త రాములు పోయాక కూతురు నిరోషను చదివించిందీ, పెళ్లి చేసిందీ ఆ గది మీదనే.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు, నెయ్యి పట్టించిన బియ్యాన్ని, ఎండుకొబ్బరి కుడుకలను, రవికెగుడ్డను ఆమె చాపిన కొంగులో దోసిళ్లతో పోస్తారు. ఆమె ఆ బియ్యం అత్తగారింటికి తీసుకుపోయి, వండి, నలుగురికీ పెట్టాలి. పోసేదీ, పోయించుకునేదీ ముత్తయిదువలే. భర్త లేని ఆడమనిషి చెయ్యి ఆ బియ్యం మీద పడకూడదు, కన్నతల్లిదైనా సరే. నిరోషకు మేనమామ కృష్ణకాంత్ భార్య పోసింది. నిర్మలమ్మ వంటింట్లో బూరెలు వేయిస్తూ ఉండిపోయింది. అందరూ వెళ్లిపోయాక పిట్టగోడ దగ్గరికి వచ్చి నాతో అంది.

"బిడ్డకు జ్వరమొస్తే ఒళ్లు తుడిచిన చెయ్యే గద సారూ ఇది. బియ్యానికి ఏమైతది?"

ఒక్కసారి తన చేత్తో ఒక ఆడబిడ్డ ఒడి నింపాలన్న కోరిక ఆమెలో ఎంత లోతున ఉందో ఆ రోజే తెలిసింది.

మార్త వచ్చింది రెండేళ్ల కింద, చలికాలంలో. పోర్చుగల్ మనిషి. నలభై దాటి ఉంటాయి. వీపు మీద తలకంటే ఎత్తుగా ఒక సంచి. గుళ్లలోని శిల్పాలను చూసి బొమ్మలు గీసుకుందామని ఒక్క పూట కోసం వచ్చి, జ్వరంతో ఆ ముందుగదిలోనే పడిపోయింది. నిర్మలమ్మ ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. జొన్నరవ్వ గటక కాచి, మజ్జిగ పోసి తాగించింది. కోలుకున్న తర్వాత మార్త పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొట్టడం నేర్చుకోబోయేది. అది ఒక పక్క సాగి, ఇంకో పక్క చిరిగేది.

"గిది ఏ దేశం పటం మార్తమ్మా?" అనేది నిర్మలమ్మ. మాట అర్థం కాకపోయినా మార్త నవ్వేది.

వీసా గడువు దగ్గరపడింది. కర్నూలులో రైలెక్కి, ఉత్తరానికి పోయి, నేపాల్‌లోకి దాటాలి. ఆ చివరి రోజుల్లో ఆమె తుంగభద్రలో బట్టలు ఉతికి బండల మీద ఆరేసింది. తెగిన సంచి పట్టీలు కుట్టుకుంది. ఎదురింటి నర్సింగమ్మ అదంతా చూస్తూ అంది.

"ఇల్లంత వీపు మీదనే ఉన్నది దీనికి. అత్త పోరు లేదు, తోమనీకి బోళ్లు లేవు. నేను గూడ దీనెంబడి పోత."

"నిన్ను మోసే సంచి ఏడ దొరుకుతది వదినె?" అంది నిర్మలమ్మ.

ఆ మాటల మధ్యనే తన ఆలోచన బయటపెట్టింది. "నా ఇంట్ల పడి లేసిన పిల్ల. ఉత్త ఒడితోని ఎట్ల పంపుదు? ఒడిబియ్యం పోద్దమనుకుంటున్న. నేను గాదులే, నువ్వే పొయ్యి వదినె. నా ఇంట్ల జరిగితే నాకు చాలు."

మార్త వేలికి ఉంగరం ఉంది. పెళ్లయిందా అని నిర్మలమ్మ ఒకసారి సైగ చేసి అడిగితే ఉంగరం చూపించి తల ఊపింది. ఆ దేశంలో మొగుడున్నాడని, ఎప్పటికైనా అతని దగ్గరికే పోతుందని అందరం అనుకున్నాం. బొట్టు లేదు, గాజులు లేవు, కానీ అవి ఆ దేశంలో ఎవరికీ ఉండవు కదా.

బయలుదేరే ముందురోజు పొద్దున నిర్మలమ్మ నర్సింగమ్మ చేతనే బియ్యం ఏరించి, పసుపు, నెయ్యి పట్టించింది. ప్యాంటు మీదనే మార్తకు ఆకుపచ్చ చీర చుట్టి, పీట మీద కూర్చోబెట్టి, కొంగు చాపించింది. నేను గడప బయట అరుగు మీద కూర్చుని, జరుగుతున్నది ఆమెకు ఇంగ్లీషులో చెబుతున్నాను. ఈ బియ్యం మీ ఇంటికి తీసుకుపోయి వండాలి, మీ ఆయనకూ అయినవాళ్లకూ పెట్టాలి అన్నాను.

మార్త ఆ మాట మళ్లీ చెప్పమంది. చెప్పాను. కొంగు పట్టుకున్న చేతుల వైపు చూసుకుంటూ, తన భర్త లేడని చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఈ ప్రయాణం ఇద్దరూ కలిసి చేయాలనుకున్నారట. అతను పోయాక ఇల్లు అమ్మేసి, ఒక్కతే బయలుదేరింది.

నాకు ఆ మాట తెలుగులో చెప్పక తప్పలేదు.

నర్సింగమ్మ దోసిట్లోకి తీసుకున్న బియ్యం మళ్లీ పళ్లెంలో జారవిడిచింది. "నాకు తెల్వకపాయె నిర్మలా. నువ్వేమనుకోకు. ఈ యేడే కొడుకు పెండ్లి జేసిన. నా చేతులతోని గాదు." ఆమె గొంతులో ద్వేషం లేదు, భయమే ఉంది. లేచి గడప దాటి వచ్చింది. కానీ ఇంటికి పోలేకపోయింది. నా పక్కన, అరుగు చివర కూర్చుంది.

పసుపు కలిపిన బియ్యాన్ని మళ్లీ బస్తాలో పోయరు. నిర్మలమ్మ ఆ పళ్లెం వైపే చూస్తూ నిలబడింది. మార్త కొంగు వదలాలో, పట్టుకునే ఉండాలో తెలియక నా వైపు చూసింది. నెమ్మదిగా ఏదో అడిగింది.

"ఏమంటాంది సారూ?"

"తన వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని."

నిర్మలమ్మ మార్త ముఖంలోకి చూసింది. "తల్లి ఉన్నదా అడుగుండ్రి."

అడిగాను. తల్లి లేదు, అక్కచెల్లెళ్లు లేరు.

"ముత్తయిదువలు దీనికి పొయ్యరు," అంది, మాతో కాదు, పళ్లెంతో చెబుతున్నట్టు. "ఇగ మిగిలింది నేనే గద."

పెరట్లోకి పోయి చేతులు కడుక్కుని వచ్చింది. మార్త ముందు కూర్చుని దోసిలి నింపుకుంది. కొన్ని గింజలు వేళ్ల సందుల్లోంచి నేల మీద పడ్డాయి.

"ముందుగాల కుడుకలు పెట్టాలె," అంది నర్సింగమ్మ అరుగు మీదనుంచే, తల తిప్పకుండా. "అటెంక బియ్యం. గంత గూడ యాది లేదా?"

"ఎన్నడన్న పోస్తె గద వదినె, యాదుండనీకి."

నిర్మలమ్మ బియ్యం పళ్లెంలో ఉంచి, కుడుకలు కొంగులో పెట్టి, మళ్లీ దోసిలి పట్టింది. ఈసారి గింజ జారలేదు. ఒక్కొక్క దోసిలీ పోసి, కాసేపు ఆగి, ఇంకోటి పోసింది. మార్త కళ్లనుంచి నీళ్లు ఆ బియ్యంలోనే పడుతున్నాయి. నిర్మలమ్మ చూసింది గానీ తుడవలేదు.

అంతా అయ్యాక మార్త నన్ను అడిగింది, ఇల్లే లేనప్పుడు ఎక్కడ వండాలని. నిర్మలమ్మకు చెప్పాను.

"పొయ్యి ఎవరిదైతేంది సారూ. ఒక్కతే తినొద్దని చెప్పుండ్రి. పక్కల ఎవరుంటె వాళ్లకు పెట్టమనుండ్రి."

మార్త ఆ బియ్యాన్ని ఆకుపచ్చ చీరలోనే మూటకట్టింది. సంచిలో జాగా చాలక, పడుకునే మందపాటి పరుపుచుట్ట తీసి ముందుగదిలో వదిలేసింది.

మర్నాడు బస్సు ఆమెను ఎక్కించుకుని కదిలింది. అది మలుపు తిరిగేదాకా ముగ్గురం నిలబడ్డాం. వెనక్కి వస్తూ నర్సింగమ్మ అడిగింది.

"నిరోషకు మళ్ల ఎప్పుడు పోస్తరు?"

"వచ్చే ఎండకాలం."

నాలుగడుగులు వేశాక నర్సింగమ్మ అంది. "ఆ దినం నన్ను పిలువు. నేను అరుగు మీదనే కూసుంట. ఏది ముందుగాల, ఏది వెనుక, చెప్తుంట."

నిర్మలమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని నడిచింది.